డబ్బుకు ఆడని తమ్ముడు

ఆయనకు బాక్సింగ్ రాదు. ఈ మాట ముందే చెప్పేస్తాను. పోయిన నెల ఆయన్ను సాగనంపిన రోజు కృష్ణగిరి నుంచి పెద్ద దండ పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. శవం ముందు నిలబడి, "మన జిల్లాకు పేరు తెచ్చిన గొప్ప బాక్సర్" అని కళ్లు తుడుచుకున్నాడు. అక్కడున్న వీధివాళ్లంతా తలలూపారు. నేను ఊపలేదు. ఆ చచ్చిపోయిన మనిషి తన జన్మలో ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. బాక్సర్ ఆయన తమ్ముడు. ఆ తమ్ముడు అప్పుడు లోపలి గదిలో మంచం మీద కూర్చుని, బయట ఇంతమంది ఎందుకొచ్చారని మా కోడల్ని అడుగుతున్నాడు.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అందంగా చెప్పడం నాకు చేతకాదు. కానీ ఆయన హోసూరు పక్కన మత్తిగిరిలో మా టిఫిన్ అంగడికి ఏళ్ల తరబడి వచ్చి కూర్చున్నాడు. ఆయన ఎవరో, ఎవరు కాదో చెప్పే హక్కు నాకుంది.

ఆకారం చూస్తే ఎవరైనా పొరబడతారు. తలుపుకు అడ్డం నిలబడితే అంగట్లోకి వెలుతురు రాదు. మెడ ఎక్కడ అయిపోయిందో, భుజం ఎక్కడ మొదలైందో తెలియదు. తమ్ముడు ఆయన చంక దాకా వచ్చే మనిషి, బక్కపలచన. బాక్సింగులో తూకం చూసి జత కడతారు, తమ్ముడిది తేలిక తూకం. మా వీధిలో ఉండేవాళ్లంతా ఫ్యాక్టరీ పనుల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. ఆ ఇంట్లో ఒక ఛాంపియన్ ఉన్నాడని విన్నారు, ఇద్దరిలో పెద్దగా కనపడినవాడే అనుకున్నారు. ఆయన కాదనలేదు. కాదంటే మరెవరని అడుగుతారు. తమ్ముడంటే చూడటానికి వస్తారు. వచ్చినవాళ్లు జరిగిందంతా వాడి ముందే మాట్లాడతారు. ఉద్దనపల్లిలో సొంత ఇల్లు, సొంత పొలం ఉండగా మత్తిగిరిలో రెండు గదుల అద్దె ఇంట్లో దిగింది అందుకే. ఊళ్లో అందరికీ జరిగింది తెలుసు.

జరిగింది ఇది. తమ్ముడు మొదట పతకాల కోసం ఆడేవాడు. తలకు హెడ్‌గార్డ్, మూడు రౌండ్లు, గెలిస్తే మెళ్లో ఒక బిళ్ల. జిల్లాలో గెలిచాడు, రాష్ట్రంలో గెలిచాడు. దేశం తరఫున ఆడే పెద్ద జట్టులో చోటు వస్తుందని ఎదురుచూసిన ఏడు చోటు రాలేదు. ఉద్దనపల్లిలో బోరు కూడా ఆ ఏడే ఎండిపోయింది. బెంగళూరులో డబ్బుకు పోటీలు పెట్టేవాడొకడు వచ్చి పిలిస్తే పోయాడు. మన తట్టు నుంచి అట్లా పోయినవాళ్లలో వాడే మొదటివాడు. అక్కడి ఛాంపియన్‌ను ఓడించి వాడి బెల్టు గెలిచాడు. ఆ బెల్టు నిలబెట్టుకోవడానికి ఆడిన పోటీలో తలకు దెబ్బలు తిని పడిపోయాడు. ప్రాణం పోలేదు. పాత సంగతులు అన్నీ గుర్తున్నాయి. డబ్బుకు ఆడటం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఏమీ గుర్తు లేదు. ఈ రోజు చెప్పింది రేపటికి నిలవదు. చేతులు వణుకుతాయి, ఇంకొకరు పట్టుకుంటే తప్ప అడుగు పడదు.

అన్న చేసిన పనల్లా రింగు మూలలో కూర్చోవడం. రౌండుకు రౌండుకు మధ్య నిమిషం సేపు ఆటగాణ్ణి కూర్చోబెట్టి, మొహం తుడిచి, నీళ్లు తాగించి, నాలుగు మాటలు చెప్పే మనిషి ఒకడుంటాడు. అది ఆయన. ఆ అలవాటు ఒంట్లో నుంచి పోలేదు. ఎవరితో మాట్లాడాలన్నా వాళ్ల ముందు గొంతుకూర్చుని, కింది నుంచి మొహంలోకి చూస్తూ మాట్లాడేవాడు. అంత మనిషి అట్లా కాళ్ల దగ్గర కూర్చుంటే ఎదుటివాళ్లకు ఇబ్బందిగా ఉండేది. గ్యాస్ బండ తెచ్చేవాడితోనూ అంతే, ఇంటి ఓనరుతోనూ అంతే. నిమిషం సేపు గబగబా మాట్లాడతాడు, చటుక్కున ఆపేసి లేచి పోయి గోడకు ఆనుకుంటాడు. కాసేపయ్యాక వచ్చి, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలు.

మా అంగట్లో రోజూ ఇడ్లీ తినే ఫ్యాక్టరీ అబ్బాయి ఒకడు దీనికి నవ్వేవాడు.

"ఏమన్నా, గంట కొట్టినారా?" అనేవాడు ఆయన లేచినప్పుడల్లా.

"కొట్టినారు. నువ్వు ముందు ఊపిరి తీసుకో" అనేవాడు ఆయన.

అది ఆయన ఊతపదం. ఊపిరి తీసుకో. సాంబారు మాడిపోయిందని నేను అరుస్తుంటే నాకు చెప్పేవాడు. పురిటి నొప్పులతో ఆటో ఎక్కుతున్న మా కోడలికీ చెప్పాడు. అది మాత్రం పనికొచ్చిందని మా కోడలు ఇప్పటికీ అంటుంది.

ఆయనకు పెళ్లయింది. ఆ పిల్ల, మరిదికి ఒళ్లు కడగడం తన వల్ల కాదని చెప్పి పుట్టింటికి పోయింది. నేనైనా పోయేదాన్ని. ఆయన వెంట పడలేదు, తిట్టలేదు.

ఇంక ఆయన మాట్లాడే విషయం. అది ఒకటే. తమ్ముడు డబ్బుకు ఆడకుండా ఉండింటే బాక్సింగు చరిత్ర ఎట్లా ఉండేది. ఛాంపియన్ తమ్ముడని మా అంగట్లో రోజూ కూర్చునే నలుగురికే చెప్పాడు, బయట అనొద్దన్నాడు. టీ గ్లాసు చేతికి రాగానే మొదలుపెట్టేవాడు. పశువుల ఫారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకడు వచ్చేవాడు. ఆయనే కదిలించేవాడు.

"ఏమప్పా, ఈ పొద్దు చరిత్ర యాడికి వచ్చింది?"

ఈయన పోయి పెద్దాయన కాళ్ల ముందు కూర్చునేవాడు.

"మావాడు పోకుంటే బెంగళూరోని బెల్టు బెంగళూరోని దగ్గరే ఉంటాది కదా పెద్దాయనా. మావాని చేతిలో ఓడినాకే వాడు తాగుడుకు పడినాడు. ఓడకుంటే పడడు. బెల్టు వాని దగ్గర ఉంటే మద్రాసోడు వాని మీదికి పోతాడు. మద్రాసోడు ఎడమ చేతి వాటం, బెంగళూరోడు వానికి ఆగడు. అప్పుడు బెల్టు మద్రాసుకు పోతాది. పోటీలు పెట్టేవాడు ఈ తట్టుకే రాడు, మద్రాసులోనే పెట్టుకుంటాడు. హోసూరులో ఇన్ని జిమ్ములు లేస్తాయా? లేవవు. మావాని ఫోటో గోడకు అంటించుకోని డబ్బుకు ఆడల్లని పోయిన పిల్లోళ్లు ఎవురూ పోరు. ఆ రాయకోట పిల్లోడు ఉంటాడు."

రాయకోట పిల్లవాడంటే తమ్ముణ్ణి చూసి డబ్బుకు ఆడటానికి పోయినవాడు. రింగులోనే పోయాడు. ఆయన చరిత్ర ఎటు నుంచి మొదలుపెట్టినా చివరికి ఆ పిల్లవాడి దగ్గరికి వచ్చి, అక్కడ ఆగి, లేచిపోయి గోడకు ఆనుకునేవాడు.

ఒకరోజు ఫ్యాక్టరీ అబ్బాయి అనేశాడు. "నీ తమ్ముడు కాకుంటే ఇంకొకడు పోయుంటాడన్నా. చరిత్రకు మనుషులు తక్కువా?"

అందరం ఆయన వైపు చూశాం. ఆయన గోడ దగ్గర నుంచే జవాబు చెప్పాడు.

"పోయుంటాడు. అప్పుడు వాని అన్న ఈడ కూర్చోని ఇట్ల మాట్లాడతా ఉంటాడు. నేను టీ తాగి ఇంటికి పోతా ఉంటాను."



ఇదంతా ఊసుపోక చెప్పే మాటలనుకున్నాను నేను. ఒకసారి సాయంత్రం రాగి ముద్ద, పులుసు గిన్నెలో పెట్టుకుని వాళ్లింటికి పోయాను. తలుపు తెరిచే ఉంది. తమ్ముణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుని ఆయన అదే చరిత్ర చెబుతున్నాడు. కానీ 'ఉండింటే' లేదు. 'పోకుంటే' లేదు. జరిగినట్టే చెబుతున్నాడు.

"నువ్వు పోనన్నావు కదా, పోటీలు పెట్టే ఆ బెంగళూరాయప్ప మొహం మాడ్చుకోని పోయినాడు. రెండో ఏడు జట్టులో చోటు వచ్చింది. రైల్వేలో పని ఇచ్చినారు. ఇప్పుడు పంజాబోనితో ఆడినావు, గెలిచినావు. రేపు పెద్ద పోటీ."

"వాడు నాకంటే పొడుగా?" అన్నాడు తమ్ముడు. మాట ముద్దగా వస్తుంది, అయినా అర్థమవుతుంది.

"పొడుగే. నువ్వు లోపలికి పోయి కొట్టల్ల."

తమ్ముడి మొహం చూశాను. రేపు నిజంగా పోటీ ఉన్నవాడి మొహం అది. ఆకలి కూడా వేసినట్టుంది, నేను తెచ్చిన ముద్ద మొత్తం తిన్నాడు.

బయటికి వచ్చాక నేను దాపరికం లేకుండా అడిగాను. "ఎటూ కానిదంతా చెప్తా ఉండావు. రేపు పెద్ద పోటీ అని ఆడికే ఆపేదెందుకప్పా? ప్రపంచానికే ఛాంపియన్ చేసెయ్యి. నీ నోరు కదా."

ఆయనకు కోపం వచ్చింది. నేను చూసిన కోపం అదొక్కటే. "అట్ల చెప్పకూడదక్కా. వాని ఎడమ చెయ్యి నెమ్మది. అంత దూరం పోడు. ఆ పొడుగోని చేతిలో ఓడతాడు."

"అయితే ఓడినాడని చెప్పు."

ఆయన లోపలికి పోయి నా గిన్నె కడిగి తెచ్చిచ్చాడు. పెద్ద పోటీకి ముందు రోజు దాకా వస్తాడు, మళ్లీ మొదటికి పోతాడు. ఎన్నేళ్లు చెప్పినా అంతే. తమ్ముడికి మరునాటికి గుర్తుండదు కాబట్టి అడగడు.

ఒక మంచిపని చేయబోయి ఆ ఫ్యాక్టరీ అబ్బాయే చెడగొట్టాడు. అన్న మందుల కోసం బయటికి పోతూ, కాసేపు తమ్ముడి దగ్గర కూర్చోమని నన్నూ ఆ అబ్బాయినీ అడిగాడు. ఆ అబ్బాయికి అప్పటికి నిజం తెలుసు, ఛాంపియన్ ఎవరో తెలుసు. వాడి ఫోనులో పాత పోటీ దొరికింది. చూస్తే సంతోషపడతాడనుకున్నాడు పాపం. ఫోను తమ్ముడి ముందు పెట్టాడు. అది చివరి పోటీ అని వాడికి తెలియదు, నాకూ తెలియదు.

తమ్ముడు బాగానే చూస్తున్నాడు. కాసేపటికి వంగి వంగి చూడటం మొదలుపెట్టాడు.

"ఆ పిల్లోడు అయిపోయినాడు" అన్నాడు. "చూపు లేదు వానికి. ఆపల్ల కదా. ఎవురూ ఆపరేమి?"

తనను తాను గుర్తుపట్టలేదు. ఇంకొకణ్ణి చూసి జాలిపడుతున్నాడు. అదే సమయానికి అన్న గుమ్మంలోకి వచ్చాడు. ఫోనులో రింగు మూల కనపడింది. అక్కడ ఇంత లావు మనిషి కిందికి వంగి ఏదో చేసుకుంటున్నాడు. తమ్ముడు ఆ బొమ్మ వైపు చూశాడు, గుమ్మంలో ఉన్న మనిషి వైపు చూశాడు. అప్పుడు తెలిసింది వాడికి. కేక పెట్టలేదు. వణికే చేతులతో తన మొహం కొట్టుకున్నాడు. ముగ్గురం పట్టుకున్నా ఆగలేదు.

తమ్ముడు మరునాటికి మరిచిపోయాడు. అన్న మరవలేదు. రెండు రోజులు అంగడికి రాలేదు. వచ్చిన రోజు నా ముందు కూర్చుని, అడగకుండానే చెప్పాడు.

"పతకాల పోటీల్లో ఒక పద్ధతి ఉంటాదక్కా. దెబ్బ తిని తూలితే, నిలబడుకోనుండినా సరే, రెఫరీ వచ్చి ఆపి ఎనిమిది దాకా లెక్కపెడతాడు. కండ్లలోకి చూస్తాడు. బాగలేకుంటే చాలంటాడు. డబ్బుకు ఆడేదాంట్లో ఆ లెక్క లేదు. నిలబడుకోనుంటే ఆడతా ఉన్నట్టే. మూలన ఉండేవాడే తువ్వాలు రింగులోకి వేసి పోటీ ఆపించల్ల."

"నీకు తెలీదా ఆ సంగతి?"

"తెలుసక్కా. నోటితో అడిగింటే చెప్పుంటాను. కానీ ఇన్నేండ్ల అలవాటు. వాడు తూలినాడు. ఇంక రెఫరీ వస్తాడు, లెక్క పెడతాడు అనుకోని నేను కిందికి వంగి నీళ్లు తయారు పెట్టుకుంటా ఉన్నాను. తలెత్తి చూస్తే ఎవురూ పోలేదు. వాడు ఇంకా దెబ్బలు తింటానే ఉన్నాడు."

ఆయన లేవలేదు, గోడ దగ్గరికి పోలేదు. నేను ఓదార్చలేదు. ఏమని ఓదార్చాలి? తప్పు ఆయనదే. అది ఆయనకు తెలుసు. 

ఆ తర్వాత ఆయన గుండె చెడిపోయింది. కృష్ణగిరిలో డాక్టరుకు చూపించడానికి నేనే తోడు పోయాను. డాక్టరు చెప్పింది విని ఆయనేమీ బాధపడలేదు. తిరుగు బస్సులో నా సీటు పక్కన, మనుషులు నడిచే దారిలో గొంతుకూర్చున్నాడు.

"దారిలో కూర్చుంటే ఎట్లన్నా?" అని కండక్టరు కసిరాడు. "ఆడ సీటు ఖాళీగా ఉండాది కదా."

"ఊపిరి తీసుకోప్పా. నిమిషమే" అని, నా వైపు తిరిగాడు. "అక్కా, నాకు ఏమన్నా అయితే వానికి నువ్వు చెప్పల్ల."

"ఏమి చెప్పల్ల?"

"చరిత్ర. నేను దినామూ చెప్పేది. నువ్వు విన్నావు కదా."

"నేను అబద్ధం చెప్పనప్పా. నాకు రాదు."

"అబద్ధం కాదు. జరగలేదు, అంతే."

"జరగనిది జరిగినట్టు చెప్పేదాన్ని ఇంకేమంటారు?"

ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ గుర్తుంది. "వానికి నిజం తెలిస్తే ఆ పొద్దు ఏమి చేసుకున్నాడో నువ్వు చూసినావు. ఊరికి తీసుకోని పోతే దినామూ ఎవురో ఒకరు చెప్తారు. దినామూ కొట్టుకుంటాడు. నేను పోయినంక వాడు నెమ్మదిగా ఉండల్ల. నాకు ఇంకేమీ వద్దక్కా."

"సరే, చెప్తాననుకో. పెద్ద పోటీ ముందర ఆపేస్తావు కదా. ఆ తర్వాత ఏమి?"

"మళ్లీ మొదటి నుంచి చెప్పు."

"ఎందుకు ఆపేస్తావు? ఎప్పుడో ఒకప్పుడు ఓడల్ల కదప్పా. ఓడనోడు ఎవడున్నాడు?"

బస్సు కుదుపుకు ఆయన సీటు కమ్మీ పట్టుకున్నాడు. 

"ఓడితే వాడు ఏమైతాడో నాకు కనపళ్లేదక్కా. కండ్లు మూసుకుంటే పడిపోయేది కనపడతాది. లేచేది కనపడదు."

నేను సరేనని చెప్పలేదు.  మాట ఇచ్చి ఉంటే ఆ మనిషి కొంచెం సుఖంగా పోయేవాడేమో. ఇవ్వాలనిపించలేదు, ఇవ్వలేదు.

ఆయన ఒక పొద్దున నీళ్ల పంపు దగ్గర బిందె పెట్టి, అది నిండకముందే పక్కన కూలబడ్డాడు. అంత లావు మనిషిని మోయడానికి వీధిలో మగవాళ్లంతా కావలసివచ్చింది. దండ తెచ్చిన పెద్దమనిషి సంగతి చెప్పాను కదా. ఉద్దనపల్లి దాయాదులూ వచ్చారు. పొలం ఎటూ మేమే చూసుకుంటున్నాం, మనిషిని మాత్రం ఇక్కడే ఉండనీయండి అన్నారు. ఊరికి తీసుకుపోతామని అననందుకు వాళ్లకు దండం పెట్టాను. తమ్ముడి తిండి, మందులు అన్నీ నేనూ, మా కోడలూ చూస్తున్నాం. ఒళ్లు కడగడానికి ఫ్యాక్టరీ అబ్బాయి వస్తాడు. రమ్మని ఎవరూ పిలవలేదు.

మొదటి సాయంత్రం తమ్ముడు అడిగాడు. "అన్న యాడ?"

"చచ్చిపోయినాడప్పా" అన్నాను.

ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. మరునాడు సాయంత్రం మళ్లీ అడిగాడు, "అన్న యాడ?" అని. మళ్లీ చెప్పాను. మొదటిసారి విన్నట్టే అంతే ఏడుపు. మొహం మీదికి చేతులు లేచాయి, మా కోడలు పట్టుకుంది. ఆ మరునాడూ అంతే. ఇంటికి వచ్చాక మా కోడలు గిన్నెలు కడుగుతూ, తల తిప్పకుండానే అంది.

"అత్తా, నువ్వు దినామూ ఒక మనిషిని చంపి వస్తా ఉండావు."

ఆ పిల్ల ఎప్పుడూ నాకు ఎదురు మాట్లాడింది లేదు.

తర్వాతి సాయంత్రం ముద్ద గిన్నె పట్టుకుని పోయాను. అడిగాడు. ఉద్దనపల్లికి పోయినాడు, టమేటాలకు నీళ్లు కట్టల్ల కదా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వాడు నమ్మాడు.

"అయితే ఈ పొద్దు ఎవురు చెప్తారు?"

"నేను చెప్తాను."

నాకు నేల మీద కూర్చోవడం కుదరదు, మోకాళ్లు నొప్పి. మంచం మీదే పక్కన కూర్చుని చెప్పాను. నువ్వు డబ్బుకు ఆడనన్నావు. రెండో ఏడు జట్టులో చోటు వచ్చింది. రైల్వేలో పని వచ్చింది. గుర్తున్నంత వరకు చెప్పాను. మధ్యలో జిల్లా పోటీల సంగతి రెండుసార్లు తప్పు చెబితే వాడే దిద్దాడు, అవి పాత సంగతులు కాబట్టి. పంజాబువాణ్ణి గెలిపించాను. రేపు పెద్ద పోటీ అన్నాను. అక్కడికి వచ్చేసరికి ఆయన మొదటికి పోయేవాడు. నాకు వెనక్కి పోవడానికి మనసు రాలేదు.

"తర్వాత?" అన్నాడు తమ్ముడు.

"ఓడిపోయినావప్పా."

వాడి తల నా వైపు తిరిగింది. "ఓడిపోయినానా?"

"ఓడిపోయినావు. వాడు నీకంటే బాగా ఆడినాడు."

"పడిపోయినానా?"

"పళ్లేదు. తూలినావు. రెఫరీ నడుమ వచ్చి నిలబడి, చాలన్నాడు."

వాడు ఆలోచించాడు. గిన్నెలో ముద్ద చల్లారుతోంది. 

"అన్న ఏమన్నాడు?"

"ఏమంటాడు, నీళ్లు తాపించినాడు. ఇద్దరూ బస్సెక్కి ఊరికి వచ్చేసినారు."

"నేను నడిచే వచ్చినానా?"

"నడిచే వచ్చినావు. బస్సు దిగి ఇంటిదాకా మీ అన్నకంటే ముందర నువ్వే నడిచినావు. అన్నం తిని పడుకున్నావు. తెల్లారి అన్న తోటలో నీళ్లు కట్టల్లని లేపినాడు, పోయి పార పట్టుకున్నావు."

"ఓడిపోయి వచ్చినోన్ని ఆ ఒక పొద్దన్నా పడుకోనీకూడదా?" అన్నాడు. "ఎప్పుడూ అంతే ఆయన."

నవ్వాడో, మూతి వంకర వల్ల అట్లా కనపడిందో నాకు తెలియలేదు. చేతులు వణుకుతూనే ఉన్నాయి గానీ ఒళ్లోనే ఉన్నాయి, మొహం మీదికి పోలేదు. ముద్ద పులుసులో అద్ది నోట్లో పెట్టాను. తిన్నాడు. ఇంకొకటి పెట్టాను.

అన్న ఎక్కడని ఆ సాయంత్రం మళ్లీ అడగలేదు. రేపు అడుగుతాడు.